వ్రాయునది ఏమనగా: మొదటి వాక్యం కథ

ఫోన్‌లో ఏ పోస్ట్ అయినా ముందు మనకి కనిపించేది రెండు మూడు వరుసలే. ఆ తర్వాత మూడు చుక్కలు, పక్కన 'ఇంకా చూడండి'. రాసినవాళ్ళు ఎంత రాసినా, చదివేవాళ్ళ బొటనవేలు ఆగుతుందా, పైకి తోసేస్తుందా అన్నది ఆ రెండు వరుసల్లోనే తేలిపోతుంది. అందుకే ఆ వరుసలకి హుక్ అని పేరొచ్చింది. అంటే గాలం. ఇప్పుడు ఆ గాలం కోసం చాలామంది ఏఐని అడుగుతున్నారు. విషయం చెప్పి 'పది హుక్స్ ఇవ్వు' అంటే చాలు, టీ చల్లారేలోపు పది వచ్చేస్తాయి.

దీని గురించి సాహిత్యం వాళ్ళ మధ్య రెండు మాటలు వింటూ ఉంటాను. రాతకి పట్టిన కొత్త చీడ ఇది అని కొందరంటారు. మొదటి వాక్యంతో పాఠకుణ్ణి పట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే, పనిముట్టు మారిందంతే అని ఇంకొందరంటారు. రెండో మాటలో నిజముంది. కానీ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే మారింది పనిముట్టు ఒక్కటే కాదనిపిస్తుంది. మొదటి వాక్యం ఎవరి మేలు కోసం, అది తప్పితే నష్టం ఎవరికి అన్న లెక్క కూడా మారుతూ వచ్చింది. నాకు చెప్పాలనిపించింది ఆ లెక్క గురించే.

*

మొదటి మాటకి నియమాలు పెట్టడం కొత్తేం కాదు. సుమారు 1300 ఏళ్ళ క్రితం, పల్లవుల కాలంలో, దండి తన కావ్యాదర్శంలో మహాకావ్యం మొదలవ్వడానికి మూడు దారులు చెప్పాడు: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. అంటే మేలు జరగాలని కోరడం, దేవుడికి దండం పెట్టడం, లేదా చెప్పబోయే విషయమేదో నేరుగా చెప్పేయడం. 'హుక్ రాయడానికి ఏడు ఫార్ములాలు' అంటూ ఇప్పుడు తిరిగే చిట్టాలకి ఇది తాతలాంటిది. కాకపోతే ఆ మూడింట్లో 'వినేవాణ్ణి ఊరించు' అన్నది ఎక్కడా లేదు.

మనవాళ్ళు ఇంకాస్త దూరం వెళ్ళారు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం నన్నయ మొదలుపెట్టిన భారతంలో మొదటి పద్యం తెలుగు పద్యమే కాదు, సంస్కృత శ్లోకం. మొదటి అక్షరం 'శ్రీ'. ఆ శ్లోకం శార్దూలవిక్రీడితం, కాబట్టి మొదటి గణం మగణం, మూడూ గురువులే. ఇదంతా యాదృచ్ఛికం అనుకోవడానికి లేదు. మన ఛందస్సు పుస్తకాల్లో ప్రతి గణానికీ ఒక అధిదేవత, ఒక ఫలితం ఉంటాయి. మగణానికి భూమి, ఫలితం శుభం. భగణానికి చంద్రుడు, అదీ మంచిదే. రగణానికి అగ్ని, జగణానికి సూర్యుడు. వాటితో కావ్యం ఎత్తుకుంటే కీడు. తర్వాత పోతన భాగవతం కూడా 'శ్రీ'తోనే, శార్దూలంతోనే మొదలవుతుంది.

ఆ నమ్మకం సంగతి అలా ఉంచండి. అందులో ఉన్న లెక్క చూడండి. మొదటి అక్షరం తప్పితే కీడు ఎవరికి? రాసిన కవికి, రాయించుకున్న కృతిభర్తకి. వినేవాడికి ఏమీ కాదు. మొదటి వాక్యం తాలూకు పూచీ మొత్తం రాసేవాళ్ళ వైపే ఉంది. పైగా వినేవాణ్ణి పట్టి కూచోబెట్టాల్సిన అవసరం ఆ వాక్యానికి లేదు. రాజుగారి సభలోంచి మధ్యలో లేచి వెళ్ళేదెవరు?

*

సభ బయట సంగతి వేరు. ఊళ్ళో దండోరా వేసేవాడికి సింహాసనం లేదు, డప్పు ఉంది. 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అన్నది మనకిప్పుడు సినిమా హాస్యంలా వినిపిస్తుంది కానీ, ఆ వాక్యం చాలా పని చేస్తుంది. డప్పు మోత చెవిని తిప్పుతుంది, 'యావన్మందికీ' అన్న మాట నీకు కూడా అని చెబుతుంది, 'ఏమనగా' దగ్గర ఒక్క క్షణం ఊపిరి బిగబట్టిస్తుంది. వెంటనే విషయం వచ్చేస్తుంది: చెరువు గండి, శిస్తు గడువు, ఏదో ఒకటి.

ఉత్తరాలదీ అదే పద్ధతి. ఫలానా వారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలయ్యే ఉత్తరాలు మన అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో ఇంకా దొరుకుతాయి. ఆ పిలుపులోనే చుట్టరికం, వయసు, కోపతాపాలు అన్నీ తెలిసిపోతాయి. ఉత్తరం అందుకున్న మనిషి మొదటి మాట చూసి మిగతాది ఎలా ఉండబోతుందో ఊహించగలడు. ఆ ఊహ చాలాసార్లు తప్పదు.

బుర్రకథ ఇంకో రకం. నాజర్ లాంటి కథకుడు తంబురాతో మధ్యలో, చెరో పక్క వంతలు: ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఇక్కడ ఊరించడం ఉంది, ఎత్తుగడ ఉంది, జనాన్ని పోగుచేసే ఆట ఉంది. కానీ ఆ జనం ఎదురుగా నేలమీద కూచుని ఉంటారు. కథ తేలిపోతే లేచి వెళ్ళేవాళ్ళు కథకుడికి కనిపిస్తారు. మొదట్లో ఇచ్చిన మాట రాత్రి గడిచేలోపు చెల్లించాలి, లేకపోతే వచ్చే ఏడు ఆ ఊరు పిలవదు.

*

అచ్చులోకి వచ్చేసరికి ఎదురుగా జనం లేరు. చదివేవాడు ఎక్కడో ఉన్నాడు, పత్రిక మూసేయడానికి అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ కొత్త పరిస్థితిలో తెలుగులో వచ్చిన గొప్ప మొదటి వాక్యాల్లో ఒకటి గురజాడ అప్పారావుది. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన 'దిద్దుబాటు' అది. తెలుగులో మొదటి కథ ఏదన్న వాదన, 1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' సంగతి మనకి తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను. 'దిద్దుబాటు' ఎలా మొదలవుతుందో మాత్రం గుర్తుచేసుకోండి. శ్రీకారం లేదు, ప్రార్థన లేదు, అనగనగా లేదు. అర్ధరాత్రి దాటాక ఒక మొగుడు ఇంటి తలుపు తీయమని పిలుస్తుంటాడు. పాఠకుడు అతనితోపాటు గుమ్మం దగ్గరే నిలబడతాడు.

ఇది హుక్కే. ఇప్పటి కొలతలతో చూసినా మంచి హుక్. అయితే దీని గొప్పతనం చదవడం పూర్తయ్యాక తెలుస్తుంది. తలుపు ఎందుకు తీయలేదు అన్న ప్రశ్నే కథ. రాత్రుళ్ళు సానిదాని పాటకని పోయే గోపాలరావుకి, చదువుకున్న భార్య కమలిని పెట్టిన పరీక్షే కథ. చివరికి ఆమె నవ్వు మంచం కిందనుంచి వినిపించినప్పుడు, మొదటి వాక్యంలో మూసి ఉన్నదేదో తెరుచుకుంటుంది. మధ్యలో ఇంకో చిన్న సంగతి ఉంది. ఆమె వదిలివెళ్ళిన ఉత్తరం చూడగానే గోపాలరావుకి ముందు గుచ్చుకునేది అందులోని మొదటి పిలుపు. ముద్దుగా పిలవాల్సిన చోట మర్యాదగా పిలిచింది. ఒక్క మాటతో అతనికి సగం విషయం అర్థమైపోయింది.

*

ఈ లెక్క నిజంగా తిరగబడింది ప్రకటనల్లో. మనకీ ప్రకటనలకీ పాత చుట్టరికమే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టాడు. మందూ పత్రికా ఒకే చేతిలోవి. కానీ పేపర్లో ఏ ముక్క చదివి ఎవరు డబ్బా కొన్నారో తెలుసుకోవడం అంత తేలిక కాదు. తపాలాలో సరుకు అమ్మే అమెరికా వ్యాపారులు దానికి ఒక దారి కనిపెట్టారు. ప్రకటన కింద కూపన్ పెట్టి, ఒక్కో ప్రకటన కూపన్ మీద ఒక్కో గుర్తు వేసేవారు. కత్తిరించి పంపిన కూపన్లు లెక్కపెడితే ఏ శీర్షిక ఎంతమందిని లాగిందో తేలిపోతుంది. 1923లో క్లాడ్ హాప్కిన్స్ దీన్నంతా శాస్త్రమని ఒక పుస్తకంగా రాశాడు. జాన్ కేపుల్స్ అనే కుర్ర కాపీరైటర్ 1920ల మధ్యలో తపాలా సంగీత పాఠాల కోసం రాసిన శీర్షిక ఒకటి ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఒకడు పియానో ముందు కూచుంటే అందరూ నవ్వుతారు, వాడు వాయించడం మొదలుపెట్టగానే... అని సగంలో ఆగిపోతుంది ఆ శీర్షిక.

ఆ సగంలో ఆగిపోవడం దగ్గరే మార్పు ఉంది. దండోరాలో 'ఏమనగా' తర్వాత విషయం వస్తుంది. ఇక్కడ విషయం కావాలంటే కింద అంతా చదవాలి, కూపన్ పంపాలి. ఒక వాక్యం మంచిదా కాదా అని చెప్పడానికి వినేవాడి మొహం అక్కర్లేదు, కూపన్ల కట్ట చాలు. పాఠకుడు మొదటిసారి అంకెగా మారాడు.

90 ఏళ్ళ తర్వాత అదే పని సెకన్లలో జరిగింది. 2012లో అమెరికాలో మొదలైన అప్‌వర్దీ అనే సైట్‌లో ఒక్కో కథనానికి కనీసం 25 శీర్షికలు రాయాలన్నది ఇంటి నియమం. వాటిలో కొన్నిటిని వేర్వేరు పాఠకులకి చూపించి, ఎక్కువ క్లిక్‌లు తెచ్చినదాన్ని ఉంచేవారు. 2013 జనవరి నుంచి 2015 ఏప్రిల్ దాకా అలా చేసిన 32,487 ప్రయోగాల సమాచారం తర్వాత పరిశోధకుల చేతికొచ్చింది. దాన్నుంచి 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మామూలు పొడవున్న శీర్షికలో ఒక్కో ప్రతికూల పదం పెరిగినకొద్దీ క్లిక్ చేసే రేటు 2.3 శాతం పెరిగింది. మంచి మాటలు పెడితే తగ్గింది. ఇదేదో మనిషి స్వభావం గురించి తీర్పు అనుకోనక్కర్లేదు. కానీ లెక్కపెట్టేది క్లిక్ ఒక్కటే అయితే, వాక్యాలు ఏ వైపు ఒరుగుతాయో మాత్రం చెబుతుంది.

ఇది శ్రుతి మించిందని అమ్మకందారులకే తెలిసింది. 2014 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇలాంటి శీర్షికలని తగ్గిస్తామని ప్రకటించింది. లింక్ నొక్కి బయటికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఎంతసేపు ఉన్నారో చూస్తామంది. వెళ్ళినవాళ్ళు వెంటనే తిరిగొచ్చేస్తే శీర్షిక చెప్పింది అక్కడ లేదన్నట్టే కదా. అంటే లేచి వెళ్ళిపోయే జనాన్ని బుర్రకథ కథకుడు కళ్ళతో చూసినట్టు చూడటానికి ఒక యంత్రం కావాల్సొచ్చింది.

మన యూట్యూబ్ తెలుగు మీకు తెలుసు. 'ఆ తర్వాత ఏం జరిగిందంటే', 'చూస్తే షాక్ అవుతారు'. మన పాత 'ఏమనగా' ఇక్కడికి చేరింది. అదే వ్యాకరణం, అదే ఊపిరి బిగింపు. కాకపోతే తర్వాత రావాల్సిన విషయం వీడియోలో తొమ్మిదో నిమిషంలో వస్తుంది, ఒక్కోసారి రాదు. నష్టం పూర్తిగా చూసేవాడిది.

*

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఇలాంటి యంత్రాలు ముందు కోట్లకొద్దీ పేజీల మీద 'తర్వాతి మాట ఏది' అని ఊహించడం నేర్చుకుంటాయి, ఆపైన మనుషులకి నచ్చేలా జవాబివ్వడం నేర్చుకుంటాయి. ఆ పేజీల్లో మంచి కథలున్నాయి, పదేళ్ళపాటు క్లిక్‌ల జల్లెడలో నిలబడ్డ శీర్షికలూ ఉన్నాయి. అందుకని హుక్ అడిగితే అది ఇచ్చేది ఆ జల్లెడలో మిగిలిన మట్టసమైన వాక్యం.

ఆమధ్య 'దిద్దుబాటు' గురించి ఒక పోస్ట్ రాస్తూ, ఎలా ఉంటుందో చూద్దామని అడిగాను. కథ ఇవ్వలేదు, పేరూ విషయమూ రెండు ముక్కల్లో చెప్పాను. వచ్చినవాటిలో మూడు చెబుతాను. 'అర్ధరాత్రి ఇంటికొచ్చిన భర్త. ఇంట్లో భార్య లేదు. ఆ తర్వాత జరిగింది తెలిస్తే షాక్ అవుతారు!' ఇది ఒకటి. 'మీకు ఎవరూ చెప్పని కథ ఇది' అన్నది రెండోది. కాలేజీ పాఠంగా ఎంతోమంది చదువుకున్న కథ గురించి. మూడోది: 'ఇది కేవలం కథ కాదు, ఒక విప్లవం.' ఇది తెలుగు మాటలు తొడుక్కున్న ఇంగ్లీషు వాక్యం, మన నోట పుట్టింది కాదు.

మొదటిదాని దగ్గర ఆగాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. భర్త అర్ధరాత్రే వచ్చాడు, భార్య కనపడలేదు. కానీ ఆ మూడు వాక్యాలు చదివినవాళ్ళెవరైనా నేరం కోసం చూస్తారు, లేకపోతే దయ్యం కోసం. కథలో ఉన్నదేమో ఒక తెలివైన అమ్మాయి మొగుణ్ణి నవ్వుతూ దిద్దుకోవడం. గురజాడ వాక్యమూ ఆ హుక్కూ ఒకే తలుపు దగ్గర నిలబడతాయి. ఒకటి లోపల ఉన్న ఇంటికి దారి తీస్తుంది, ఇంకోటి లేని ఇంటికి. కథ చదవకుండా గుమ్మం రాస్తే అంతే అవుతుంది.

ఇందులో నాకు బెంగ కలిగించేది యంత్రం తెలివితక్కువతనం కాదు. మాట ఇచ్చేది ఒకరు, చెల్లించాల్సింది ఇంకొకరు కావడం. నన్నయ మొదటి అక్షరానికి నన్నయే పూచీ. బుర్రకథ ఎత్తుగడకి నాజరే పూచీ. కాపీరైటర్‌కి కూడా, రేపు కూపన్లు రాకపోతే ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. ఏఐ ఇచ్చిన హుక్‌కి ఏఐ పూచీ పడదు. దాన్ని అతికించినవాళ్ళు కూడా 'నేను రాయలేదుగా' అనుకునే వీలుంది. మిగిలింది చదివేవాళ్ళు. తెలుగులో కథలూ వ్యాసాలూ వెతుక్కుని చదివేవాళ్ళు ఎంతమంది ఉన్నారు మనకి? ఆ కొద్దిమందిలో ఒకరు షాక్ కోసం వచ్చి గురజాడ దగ్గర నిరాశపడి వెళ్ళిపోతే, రెండోసారి గురజాడ పేరు చూసి ఆగరు. ఆ నష్టం ఏ క్లిక్ లెక్కలోనూ పడదు.

అలాగని ఏఐ వద్దనడం నాకు న్యాయంగా తోచదు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో అమ్ముకునే ఆవిడకి, ఊళ్ళో చిన్న నర్సరీ నడిపే అబ్బాయికి, మొదటి వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. వాళ్ళ దగ్గర సరుకుంది, మాట లేదు. వాళ్ళకి ఆ నాలుగు మాటలు అందించడం మంచి సాయమే. అక్కడ ఆవకాయ ఆవకాయే, సీసా మూత తీయగానే వాక్యం నిజమో కాదో తేలిపోతుంది. రచయితల సరుకు మాటే కాబట్టి మనకి ఇంకాస్త జాగ్రత్త కావాలి.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి ఉంది. హుక్ రాయమనడం మానేసి, రాసుకున్న హుక్‌ని పరీక్ష చేయమంటాను. మొదటి రెండు వాక్యాలు మాత్రమే ఇచ్చి, 'ఇది చదివితే తర్వాత ఏముంటుందనుకుంటావు?' అని అడుగుతాను. ఆ షాక్ హుక్‌ని కొత్తగా ఇంకో సంభాషణలో పెట్టి అడిగితే, హత్యో అదృశ్యమో జరిగిన క్రైమ్ కథ కావచ్చంది. కోట్ల పేజీలు మింగినదానికి సగటు పాఠకుడి ఊహ బాగా తెలుసు. ఆ ఊహకీ నేను రాసినదానికీ మధ్య ఎంత దూరముందో కొలుచుకుంటాను. ఇంకో ప్రశ్న: మొత్తం వ్యాసం ఇచ్చి, 'ఇందులో ఉన్న విషయాల్లోంచే ముందుకి తేగలిగింది ఏది?' అని. కొత్త వాక్యం పుట్టించవద్దని గట్టిగా చెప్పాలి, లేకపోతే మళ్ళీ విప్లవం దగ్గరికి వెళ్ళిపోతుంది. రెండోసారి అడిగినప్పుడు అది కమలిని ఉత్తరం వైపు చూపించింది. అది మంచి సూచనే, ఒప్పుకోవాలి. వాక్యం మాత్రం నేనే రాసుకున్నాను.

పోస్ట్‌లో పెట్టింది ఇది: '1910లో వచ్చిన ఒక తెలుగు కథలో, భార్య రాసిన ఉత్తరంలో మొదటి పిలుపు చూడగానే మొగుడికి తన తప్పు ఎంతవరకు వచ్చిందో అర్థమవుతుంది.' ఊరింపు లేదు, చుక్కలు లేవు. నా ఫోన్‌లో 'ఇంకా చూడండి' రాకముందే అయిపోయింది. అడిగితే యంత్రం, తర్వాత భార్యాభర్తల మధ్య సర్దుబాటు గురించిన పాత కథ పరిచయం ఉండొచ్చంది. ఉన్నదీ అదే. దండి చెప్పిన మూడు దారుల్లో ఇది మూడోది, వస్తునిర్దేశం.